ఫ్రిజ్ తలుపుకి అడ్డం పెట్టిన చెప్పు

మేడమీది ఇంటి తలుపుకున్న లక్క సీలు మీద చెయ్యి వేస్తే కేసు పెడతానని మేజర్ ముహాబ్ అప్పటికి రెండుసార్లు అన్నాడు. రాగిబ్ రెండుసార్లూ చెవిటివాడిలా నిలబడ్డాడు. మూడోసారి అనబోతుంటే, జేబులోంచి ప్రాసిక్యూటర్ ఇచ్చిన అనుమతి కాగితం తీసి, మడత విప్పి, మేజరు ముక్కు కింద పెట్టాడు. ఆ ఒక్క సంతకం కోసం పొద్దుటి నుంచి ఆఫీసు వరండాలో కాళ్ళు అరిగేలా తిరిగాడు. ఇప్పుడు మధ్యాహ్నం దాటింది.

"టాంటా వాళ్ళు శనగలకి పేరుపడ్డ మీ ఊళ్ళో అవి వేయించుకుంటూ ఉండక, మా అలెగ్జాండ్రియా కేసులు మీకెందుకండీ రాగిబ్ బేగ్?" అన్నాడు ముహాబ్. బేగ్ అని పిలిచిన గొంతులో మర్యాద ఉంది. కళ్ళలో మాత్రం పిసరంత లేదు.

"సీలు తీయండి," అన్నాడు రాగిబ్.

మెట్ల మీద కూర్చున్న కౌసర్ తలెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆమె ఒళ్ళో చిన్న చేతిసంచీ ఉంది. అందులో తండ్రికి మందు ఎక్కించే ఖాళీ సూదులు. నిన్న రాత్రి నుంచి ఆ సంచీని ఒక్క క్షణం కింద పెట్టలేదు. ఎవరైనా పట్టుకుంటానంటే మీద పడి కరిచేలా చూస్తోంది.

ఆమె తండ్రి జాబిర్ మాస్టారు కనబడకుండా పోయి ఇది రెండో రోజు. షుగరు మనిషి. పూటకొక సూది పడాలి. పడకపోతే మొదట దాహం, తర్వాత వాంతులు, ఆపైన మగత. ఆ మగతలోకి జారినవాడు మళ్ళీ లేవడు. టాంటాలో ఆయన్ని చూసే డాక్టరు ఫోనులో ఇంకో మాట కూడా చెప్పాడు. రేపు తెల్లవారేలోగా దొరక్కపోతే ఇక వెతకనక్కర్లేదని. ఆ మాట రాగిబ్ ఒక్కడే విన్నాడు. కౌసర్‌కి చెప్పలేదు.

పోలీసుల లెక్కలో అయితే వెతకాల్సిన పనే లేదు. గురువారం పొద్దున్న బీచిలో ఒక గొడుగు కింద మాస్టారి గలాబియా అనే పొడుగు అంగీ, చెప్పులు, కళ్ళజోడు దొరికాయి. ముసలాయన ఈతకి దిగి మునిగిపోయాడని మేజర్ ముహాబ్ తేల్చేశాడు. మూడోనాడు సముద్రం తనంతట తనే తెచ్చి ఇస్తుంది, అంతవరకూ ఓపిక పట్టండని కౌసర్‌కి ఫోనులో చెప్పి చేతులు కడుక్కున్నాడు.

రాగిబ్ టాంటాలో ఇన్‌స్పెక్టరు. ఈ ఊళ్ళో అతనికి ఈగని తోలే అధికారం కూడా లేదు. కానీ మాస్టారి దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడు. తండ్రి పోయిన ఏడాది ఫీజు లేకుండా చదువుకున్నవాడు. పక్క వీధివాడు. కౌసర్ అతన్ని పుట్టినప్పటి నుంచీ అన్నయ్యా అనే పిలుస్తుంది. నిన్న సాయంత్రం ఆమె గుమ్మంలో నిలబడి నాన్న కనబడ్డం లేదంటే, సెలవు చీటీ కూడా రాయకుండా బయల్దేరి వచ్చేశాడు.

ముహాబ్ విసుక్కుంటూ లక్క పగలగొట్టాడు. తాళం తిరిగింది. రాగిబ్ గుమ్మంలోనే ఆగి, గుండెల నిండా గాలి పీల్చి వాసన చూశాడు.

సబ్బునీళ్ళ వాసన.

*

జాబిర్ మాస్టారికి వేసవిలో అలెగ్జాండ్రియా వెళ్ళడమంటే ఇంట్లో పెళ్ళి చేసినంత పని. చలికాలం వెనక్కి తగ్గగానే మొదలుపెట్టేవాడు. పెద్దకూతురు కుటుంబం ఏ గదిలో, కౌసర్ పిల్లలు ఎక్కడ, బియ్యం ఎవరు తేవాలి, నెయ్యి డబ్బా ఎవరిది, ఊరవేసిన జున్ను జాడీ దార్లో పగలకుండా ఎవరి ఒళ్ళో పెట్టాలి, ఇలా మూడు కుటుంబాల తగువులూ ఆయనే తీర్చేవాడు. అందరికంటే రెండు రోజులు ముందు ఒక్కడే వచ్చి ఇల్లు చూసేవాడు. ఒకసారి బ్రోకరు మాట నమ్మి నేరుగా దిగితే, బాల్కనీలో స్టూలేసుకుని ఎక్కితే గానీ సముద్రం కనబడలేదు. వేసవంతా పిల్లలు వంతులు వేసుకుని స్టూలెక్కారు. అప్పట్నుంచి ఆయన ఎవర్నీ నమ్మలేదు. మిట్టమధ్యాహ్నం పై అంతస్తులో కుళాయి తిప్పి నీళ్ళొస్తున్నాయో లేదో చూస్తాడు, కుర్చీలో కూర్చుని సముద్రం కనబడుతోందో లేదో చూస్తాడు, ఆ తర్వాత టెలిఫోన్ ఆఫీసుకి వెళ్ళి బయల్దేరండని కూతురికి చెబుతాడు.

బుధవారం రాత్రి కూడా అలాగే చెప్పాడు. నీళ్ళు బాగున్నాయి, సముద్రం కూర్చుంటే కనబడుతోంది, ఫ్రిజ్ బాగా చల్లబడుతోంది, మందు అందులో పెట్టుకున్నానని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పాడు. సాయంత్రం ఎదురింటి డాబా మీద ఇద్దరు మనుషులు ఒక కుర్రాణ్ణి చావగొట్టి, దుప్పట్లో చుట్టి కిందికి మోసుకెళ్ళి కారులో పడేశారట. అది చూశాక అన్నం సయించలేదన్నాడు. రేపు పొద్దున్నే దీని సంగతేమిటో తేలుస్తానన్నాడు. నీకెందుకు నాన్నా అని కౌసర్ మొత్తుకుంటే, ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి ఇప్పుడు కళ్ళు మూసుకోమంటావా అని కసిరి, జున్ను జాడీ మర్చిపోవద్దని చెప్పి ఫోను పెట్టేశాడు.

ఈ ఫోను సంగతి ముహాబ్ దగ్గర ఎత్తవద్దని రాగిబ్ కౌసర్‌కి గట్టిగా చెప్పాడు. ఎత్తితే ఎదురింటి వాళ్ళకి ముందే తెలిసిపోతుందని అతని భయం. పొద్దున్న ప్రాసిక్యూటరు ఆఫీసు తెరవకముందే ఆ డాబా తనే ఎక్కి చూశాడు. నీళ్ళు పోసి కడిగేశారు. ఆ ఇంటి కాపలావాడు ఊరెళ్ళాడని అక్కడివాళ్ళు చెప్పారు.

*

హాల్లో భోజనాల బల్ల మీద కుర్చీలన్నీ బోర్లించి ఉన్నాయి. పడగ్గదిలో దూది పరుపులు చుట్టచుట్టి గోడకి ఆనించి ఉన్నాయి. దుప్పట్లు లేవు. కిటికీలు బిగించి ఉన్నాయి. మాస్టారి వస్తువు ఒక్కటంటే ఒక్కటి లేదు.

"చూశారుగా, ఏమీ లేదు," అన్నాడు ముహాబ్. "తృప్తి పడితే వెళదాం."

రాగిబ్ వంటింట్లోకి నడిచాడు. గ్యాసు బండ బిగించి ఉంది. మూలన పాత ఫ్రిజ్. ప్లగ్గు పీకి, తీగ చుట్ట చుట్టి నెత్తిన పెట్టి ఉంది. తలుపు జానెడు తెరిచి ఉంది. అది మూసుకుపోకుండా సందులో ప్లాస్టిక్ చెప్పు ఒకటి ఇరికించి ఉంది.

అతను ఆ చెప్పు ముందు గొంతుక్కూర్చుని ఉండిపోయాడు. వెనక నుంచి కౌసర్ వచ్చి, ఫ్రిజ్ బార్లా తెరిచి, గుడ్ల అర, మంచు అర, కింది అర అన్నీ చేత్తో తడిమింది. మూసింది. మళ్ళీ తెరిచి మళ్ళీ తడిమింది.

"ఇందులోనే పెట్టానన్నాడు అన్నయ్యా. ఇందులోనే," అంది.

రాగిబ్ ఆమె చెయ్యి మెల్లగా పట్టుకుని ఆపాడు. లేచి మేజరు వైపు తిరిగాడు.

"ఈ తలుపుకి సీలు వేసిందెవరు?"

"నేనే. నా చేత్తో. గురువారం పదింటికి."

"అప్పుడు లోపలికి వచ్చి చూశారా?"

"ఏముందని చూడాలి? బట్టలు బీచిలో ఉంటే ఇంట్లో ఏం వెతుకుతాం?"

"తర్వాత ఎవరైనా తీసి మళ్ళీ వేశారా?"

ముహాబ్ నవ్వాడు. "నా సీలు ముట్టుకునే మొగాడు ఈ పేటలో ఇంకా పుట్టలేదు."

"బట్టలు దొరికాయని మీకు కబురొచ్చింది ఎప్పుడు?"

"తొమ్మిదిన్నరకి. బట్టలు చూసి నేరుగా ఇక్కడికే వచ్చాను. ఇదేమిటి, నన్నే విచారిస్తున్నారా?"

"మిమ్మల్ని కాదు, ఈ చెప్పుని," అన్నాడు రాగిబ్. "మేజర్ గారూ, మీరు వేసవికి ఎప్పుడైనా సామాన్లతో ఇచ్చే అద్దె ఇంట్లో దిగారా?"

దిగలేదు. తాతల నాటి నుంచి వాళ్ళకి ప్రైవేటు బీచిలో సొంత క్యాబిన్ ఉందట. తాళం వేసి వెళ్ళిపోతే మిగతాదంతా నౌకర్లే చూసుకుంటారట. ఆ మాట చెప్పేటప్పుడు ముహాబ్ ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

"అందుకే మీకు తెలియలేదు," అన్నాడు రాగిబ్. ఇల్లు అద్దెకి తీసుకున్నవాడు ఉన్నన్నాళ్ళూ ఫ్రిజ్ నడుస్తూనే ఉంటుందనీ, మనిషి సామాను సర్దుకుని వెళ్ళిపోయాకే వాచ్‌మన్ పెళ్ళాం వచ్చి ప్లగ్గు పీకుతుందనీ, తలుపు మూసేస్తే లోపల కంపు కొడుతుంది కాబట్టి ఏదో ఒకటి అడ్డం పెడుతుందనీ చెప్పాడు. పరుపులు చుట్టేదీ, కుర్చీలు బోర్లించేదీ కూడా అప్పుడే. ఈతకి వెళ్ళి ఇంకో గంటలో తిరిగొస్తాడనుకున్న మనిషి ఇంట్లో ఎవరూ ఈ పని చెయ్యరు.

"మాస్టారు ఇక తిరిగి రాడని మీకు తెలియడానికి ముందే ఈ ఇంట్లో ఎవరికో తెలుసు. మీ సీలే అందుకు సాక్ష్యం," అన్నాడు.

ముహాబ్ భుజాలెగరేశాడు. "ఫ్రిజ్‌లకి చెప్పులు తొడుగుతారని పోలీసు కాలేజీలో మాకు చెప్పలేదు. ముసలాయన మందు కూడా బీచికే పట్టుకెళ్ళి ఉంటాడు, అక్కడ ఎవడో ఎత్తుకుపోయి ఉంటాడు."

"చల్లగా ఉంచకపోతే పాడైపోయే మందుని ఎండలోకి పట్టుకెళ్ళాడా?"

"ముసలివాళ్ళు ఏమైనా చేస్తారు."

"మా మాస్టారు చెయ్యడు," అంది కౌసర్ గోడకి చేరబడి. తండ్రిని మాస్టారనడం ఆమెకి చిన్నప్పుడు బళ్ళో అలవాటైన మాట. ఇప్పుడు ఎందుకో అదే వచ్చింది.

ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, వాచ్‌మన్‌తో మాట్లాడి వస్తానని రాగిబ్ కిందికి దిగాడు. ముహాబ్ కూడా వెంటపడతాడనుకున్నాడు. అతను రాలేదు. అమ్మాయికి తోడుగా ఉంటానన్నాడు. ఇంతసేపటికి ఒక మంచిమాట అన్నాడే అనుకున్నాడు రాగిబ్.

*

వాచ్‌మన్ దాహీది మెట్ల కింద గది. ఎగువ పల్లె నుంచి వచ్చి ఈ ఇల్లు కాస్తూ ముసలివాడైనవాడు. రాగిబ్‌ని చూడగానే లేచి తలపాగా సర్దుకున్నాడు.

ఏమడిగినా ఒకటే పాట. పొద్దున్నే మాస్టారు తువ్వాలు భుజాన వేసుకుని సముద్రానికి వెళ్ళాడు, నేను సలాం చెప్పాను, ఆయన సలాం చెప్పాడు. రాగిబ్ ప్రశ్న తిప్పి అడిగినా, మధ్యలోంచి అడిగినా, అక్షరం పొల్లు పోకుండా అదే వల్లించాడు. నిజంగా చూసినవాడు ఒక్కోసారి ఒక్కోలా చెబుతాడు. నేర్పిన మాట చెప్పేవాడే ఇలా చిలకలా చెబుతాడని రాగిబ్‌కి తెలుసు. గద్దించి లాభం లేదు. ముసలాడి పెదాలు ఎండిపోయి ఉన్నాయి, తిట్టడం మొదలుపెడితే అక్కడే కూలిపోయేలా ఉన్నాడు.

అందుకని అతన్ని వదిలేసి, గుమ్మం దగ్గర గిన్నెలు తోముతున్న అతని భార్య ఉమ్ హిలాల్ పక్కన చతికిలబడ్డాడు. ఇల్లు అద్దంలా తుడిచావమ్మా, మా ఇంట్లో ఆడవాళ్ళు చూస్తే సిగ్గుపడతారన్నాడు. ఆవిడ ముఖం విప్పారింది. మాస్టారు ఇల్లు మురికి చేసే రకం కాదనీ, అయినా అలవాటు కొద్దీ రెండు బకెట్ల నీళ్ళు కొట్టాననీ చెప్పుకొచ్చింది.

"మరి మాస్టారు ఖాళీ చేశాడని నీకెవరు చెప్పారు తల్లీ?"

"ఎవరు చెప్పాలి పాషా? తాళంచెవి తిరిగొచ్చిందిగా."

దాహీ గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు చప్పుడు చేశాడు. ఆవిడ పట్టించుకోలేదు. ఆవిడ లెక్కలో ఇందులో దాచాల్సిందేమీ లేదు. గురువారం పొద్దున్న ఎనిమిదింటి వేళ రొట్టెలు కొనుక్కుని వచ్చేసరికి మేడమీది తాళంచెవి వాళ్ళ అరుగు మీద పెట్టి ఉందట. చెవి అరుగెక్కిందంటే ఇల్లు ఖాళీ అయినట్టే. ఏళ్ళ తరబడి అంతే. చెవి చూసింది, చీపురు పట్టుకుని పైకెళ్ళింది. అంత మంచి మనిషి ఒక్క మాట చెప్పకుండా పోయాడే అని మాత్రం మనసు చివుక్కుమందట. మునిగిపోయాడన్న కబురు ఆ తర్వాత వచ్చిందట.

రాగిబ్ కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే పేర్చుకున్నాడు. ఈతకెళ్ళి మునిగినవాడి తాళంచెవి బట్టల్లో దొరకాలి. ఇక్కడ అరుగు మీద దొరికింది. అంటే మాస్టారి దగ్గర చెవి లాక్కుని ఎవడో ఇంట్లోకి వెళ్ళాడు. బీచిలో పడెయ్యడానికి ఆయన బట్టల సంచీ మొత్తం ఎత్తుకెళ్ళాడు. తర్వాత చెవి ఏం చెయ్యాలో తోచక అరుగు మీద పెట్టేసి పోయాడు. ఆ చెవికి ఇక్కడ ఏమర్థమో వాడికి తెలియదు.

"ఇంట్లో ఏమైనా వదిలేశాడా అమ్మా మాస్టారు?"

"మందు మర్చిపోయాడు పాషా. ఫ్రిజ్‌లో ఉంది. ప్లగ్గు పీకేస్తే పాడవదూ? అందుకని తెచ్చి నీళ్ళ కూజా కింద తడి ఇసకలో పెట్టాను. మందు కోసమైనా తిరిగొస్తాడుగా అనుకున్నాను."

లోపలికెళ్ళి, తడిగుడ్డలో చుట్టిన చిన్న అట్టపెట్టె తెచ్చి ఇచ్చింది. రాగిబ్ పెట్టె విప్పి చూశాడు. సీసా నిండుగా ఉంది. గురువారం పొద్దుటి సూది కూడా అందులోంచి తీసినట్టు లేదు. ఆయన ఎక్కడున్నా, ఏ స్థితిలో ఉన్నా, ఇన్ని పూటలుగా మందు లేకుండా ఉన్నాడు.

దాహీ చెయ్యి పట్టుకుని మూలకి లాక్కెళ్ళాడు. "బాబాయ్, ఆ మనిషి చచ్చిపోతాడు. నీకు తెలిసింది చెప్పు. సముద్రానికి వెళ్ళడం నువ్వు చూశావా?"

ముసలాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూళ్ళేదు పాషా. చూశానని చెప్పమన్నారు. చెప్పకపోతే నా కొడుకుని లోపలేస్తామన్నారు."

"ఎవరు?"

దాహీ నోరు తెరిచాడు. పైన మెట్ల మీద బూట్ల చప్పుడైంది. తెరిచిన నోరు అలాగే మూతపడింది. కావాలని కాదు, భయానికి.

కాపలా కాసేవాడికి పోలీసంటే భయం కొత్తేమీ కాదు. దొంగ వాంగ్మూలం ఇచ్చానని మేజరు ముందు ఒప్పుకోవడానికి జంకుతున్నాడని రాగిబ్ అనుకున్నాడు.

*

ముహాబ్ చూపు నేరుగా రాగిబ్ చేతిలో పెట్టె మీదికి పోయింది.

"అదేనా మందు?" అన్నాడు.

అదేనని చెప్పి, ఇక దాచేదేముందని రాగిబ్ గబగబా జరిగిందంతా మేజరు ముఖాన కొట్టినట్టు చెప్పాడు. చెవి సంగతి, బట్టల సంగతి, చూడకుండానే చూశానన్న సాక్ష్యం సంగతి. "మీరు చేతులు కడుక్కున్న మనిషి మునగలేదు. ఎత్తుకుపోయారు. ఒక రోజంతా మీరు సముద్రం వంక చూస్తూ కూర్చున్నారు. ఆయనకేమైనా అయితే ఆ పాపం ఎదురింటి వాళ్ళది ఎంతో మీదీ అంతే," అన్నాడు.

"ఎదురింటి వాళ్ళా?" అన్నాడు ముహాబ్ మెత్తగా. "వాళ్ళెవరు?"

రాగిబ్ నాలిక కరుచుకున్నాడు. ఏదో మాటవరసకన్నానన్నాడు.

మేజరు ఇప్పుడు నిప్పులు చెరుగుతాడనుకున్నాడు. చెరగలేదు. జేబురుమాలుతో మెడ తుడుచుకుని, మీరే గెలిచారు రాగిబ్ బేగ్, కేసు మళ్ళీ తెరుస్తానన్నాడు. మనుషుల్ని పంపిస్తాననీ, ఈ రాత్రి లోపల పేటంతా గాలిస్తాననీ చెప్పాడు. అంత పొగరుమోతు ఒక్కసారిగా వంగేసరికి రాగిబ్‌కే సిగ్గేసింది. ఇందాకటి మాటలు కాస్త ఎక్కువయ్యాయేమో అనిపించింది.

"ఆ పెట్టె మాత్రం ఇవ్వండి. సాక్ష్యం," అన్నాడు ముహాబ్.

"ఇది మాస్టారి ప్రాణం. దొరికిన క్షణంలో వెయ్యాలి."

"మీరు చట్టం తెలిసినవారు. ఇంట్లోంచి బయటికొచ్చిన వస్తువు నా రికార్డులోకి పోవాలా వద్దా? రేపు కోర్టులో మీ చెప్పు కథంతా దీని మీదే నిలబడాలి."

చట్టం ప్రకారం అతనిదే న్యాయం. పంతానికి పోతే మళ్ళీ సీలు, మళ్ళీ ప్రాసిక్యూటరు, మళ్ళీ వరండా. అంత సమయం లేదు. మందుల షాపులో ఇంకోటి కొనుక్కోవచ్చని మనసుకి నచ్చజెప్పుకుని రాగిబ్ పెట్టె ఇచ్చేశాడు.

ముహాబ్ దాన్ని కానిస్టేబుల్ చేతిలో పెట్టాడు. "ఎండ తగలనివ్వకు. దార్లో ఐసు కొని అందులో పెట్టుకెళ్ళు. పరిగెత్తు," అన్నాడు.

కానిస్టేబుల్ పరిగెత్తాడు. జీపు కదిలిన చప్పుడైంది. మేజరు మాత్రం గేటు దగ్గర ఆగి సిగరెట్ ముట్టించాడు. రాగిబ్ రెండేసి మెట్లు ఎక్కుతూ పైకెళ్ళాడు. సాక్ష్యానికి ఐసెందుకని ఏదో మూల కలుక్కుమంది గానీ, ఆయాసంలో దాన్ని పట్టుకోలేకపోయాడు.

*

కౌసర్ బాల్కనీ గుమ్మంలో నిలబడి ఉంది. ముఖం కడుక్కుంది. ఇందాకటి కంటే కాస్త తేరుకుంది. రాగిబ్ కుళాయి తిప్పి గ్లాసులో నీళ్ళు పట్టుకుంటూ, కింద జరిగింది చెప్పాడు. మందు సీసా నిండుగా ఉందని చెప్పడానికి నోరు రాలేదు. మేజరు కేసు తెరిచాడని మాత్రం చెప్పాడు.

"మనం అనుకున్నంత చెడ్డవాడు కాదు అన్నయ్యా," అంది కౌసర్. "నువ్వు కిందికెళ్ళాక నా పక్కన కూర్చుని ఎంత ఓపిగ్గా అడిగాడనుకున్నావు."

"ఏమడిగాడు?"

"నాన్న జబ్బు గురించి. ఏ మందు, ఎంత మోతాదు, తిన్నాక వెయ్యాలా తినకముందు వెయ్యాలా, చేతికా పొట్టకా. రెండు మూడు పూటలు తప్పితే ఏమవుతుంది, అప్పుడు మామూలుగానే ఇవ్వాలా ఎక్కువివ్వాలా అని కూడా అడిగాడు. నేను చెప్పిందల్లా మళ్ళీ తన నోటితో అప్పజెప్పి, సరిగ్గా ఉందా అని చూసుకున్నాడు."

రాగిబ్ చేతిలో గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"కౌసర్, మీ నాన్న మునిగిపోయాడన్నది ఎవరు?"

"ఆ మేజరే కదా."

"మునిగిపోయినవాడికి మందు ఎంతెయ్యాలో ఎవడైనా అడుగుతాడా తల్లీ?"

రాగిబ్ గ్లాసు గట్టు మీద పెట్టి గోడకి చేరబడ్డాడు. పొద్దుటి నుంచి ఎదురింటి డాబా పట్టుకుని వేలాడాడు. మాస్టారు ఎలాంటి మనిషో తనకంటే తెలిసినవాడు ఎవడున్నాడు? కళ్ళ ముందు అన్యాయం జరిగితే, సంగతి తేలుస్తానని బయల్దేరితే, ముప్పై ఏళ్ళు చట్టం, పద్ధతీ అని పిల్లలకి నూరిపోసిన ఆయన పొద్దున్నే ఎక్కడికి వెళతాడు? తిన్నగా ఠాణాకే వెళతాడు. పాపం, చేను మేస్తున్నారని కంచె దగ్గరికే వెళ్ళి మొరపెట్టుకున్నాడు. ఆ దుప్పటి మోసిన చేతులు ఆ ఠాణా వాళ్ళవేనని ఆయనకి తెలియదు. దాహీకి తెలుసు. అందుకే బూట్ల చప్పుడుకి నోరు పడిపోయింది.

"అంటే నాన్న..." అంది కౌసర్.

"బతికే ఉన్నాడు. వీళ్ళ దగ్గరే ఉన్నాడు. ఇప్పుడాయనకి మందు కూడా వెళుతోంది."

కౌసర్ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏడుపు నవ్వులా వచ్చింది, నవ్వు ఏడుపులా వచ్చింది. గోడ పట్టుకుని నేల మీద కూలబడి, బతికే ఉన్నాడు, బతికే ఉన్నాడు అని తనలో తనే అనుకుంటూ చేతిసంచీని గుండెకి హత్తుకుంది. రాగిబ్‌కి కూడా కళ్ళు చెమర్చాయి. కానీ మనిషిని ఎత్తుకుపోయినవాళ్ళు ఊరికే మందులేసి బతికించుకోరు. వాళ్ళకి ఆయన నోటి నుంచి ఏదో కావాలి. తను చూసింది ఇంకెవరికి చెప్పాడో కావాలి.

"ఇంకేమడిగాడు కౌసర్?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. తప్పు చేసిన పిల్లలా చూసింది.

"కోప్పడకు అన్నయ్యా. నువ్వు వద్దన్నావు. కానీ అంత మంచిగా అడిగితే దాచలేకపోయాను. నాన్న ఫోనులో చెప్పిందంతా చెప్పేశాను. ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా అన్నాడు. నాకూ మా అన్నయ్యకీ తప్ప ఇంకెవరికీ తెలియదన్నాను. ఎవరికీ చెప్పలేదు కదా అని రెండుసార్లు అడిగాడు. ఒట్టు పెట్టి చెప్పాను."

రాగిబ్ బాల్కనీలోకి వెళ్ళి కిందికి చూశాడు. గేటు దగ్గర మేజరు లేడు. సగం కాల్చిన సిగరెట్ మెట్టు మీద పొగ వదులుతోంది. దాహీ గది తలుపు బయటి నుంచి గడియ పెట్టి ఉంది. జీపు తిరిగొచ్చి, ఈసారి గుమ్మానికి అడ్డంగా ఆగి ఉంది.

వెనక్కి తిరిగి ఒక్క అంగలో హాలు దాటి తలుపు గడియ బిగించాడు. అరిగిపోయిన చెక్క గడియ అది, రెండు తన్నులకి ఆగదు. మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. ఒక్కరివి కావు.

నేల మీద కూర్చున్న కౌసర్, నాన్న బతికే ఉన్నాడని ఇంకా నవ్వుతూనే ఉంది.